పానం

శుక్రారం పొద్దుగాల
ఫహాహీల్ చాపల మార్కెట్ కాడ తెలిసింది.
ఎవడో లోపలోడే కాగితాలు బయటేసిండట.
మనం ఫోన్ల మాట్లాడిందంత
ఎక్కడనో దాసిపెట్టిండ్రట,
ఇన్నేండ్లది, ఒక్కొక్క దగ్గుతో సహా.

ఏ సర్కారో నేను రాయ.
చూసినవా, అప్పుడే రాయనంటున్న.

ముందుగాల నవ్విండ్రు.
"నా ఫోన్ల ఏముంటది బై,
మోటరు కాలింది, బర్రె ఈనింది.
వినెటోనికే జీతం ఎక్కువియ్యాలె"
అన్నడు తోకల రాజలింగు.
రాయచోటి ఖాదర్‌వలీ నవ్వలే.
రెండేండ్ల కింద కఫీల్‌ను ఒక మాటన్నడు తమ్మునితోని,
ఆ మాట ఇప్పుడు ఏ పెట్టెల ఉన్నదో అని
చేతుల చాయ్ చల్లారబెట్టుకున్నడు.
మలికిపురం సుజన, నాలుగిండ్ల పని చేసే మనిషి,
"నేను ఏడ్చిందంతా కూడానా?" అన్నది.
అంతా, అన్నరెవరో.
"మరి ఒక్కడన్నా, ఏమ్మా అని అడగలేదే?"

సాయంత్రానికి మాటలు మారినయి.
జీతం పేరు వాన అయింది.
మూడు నెలల సంది వాన లేదని ఒకడు చెప్తే
వాని పెండ్లాం అన్నది:
ఈడ మస్తు కొడుతుంది, కల్లంల వడ్లు తడిసినయి.

రాత్రి ఫోన్లన్ని బియ్యం డబ్బాల ఏసి మూత పెట్టిండ్రు.
రిఫైనరీ మంట గోడ మీద ఎర్రగ ఊగుతున్నది.
డబ్బాలకెల్లి ఒకటి మోగింది.
ఎవ్వలు కదల్లే.
పన్నెండు మందిమి కూసోని
బియ్యం మోగుడు విన్నం.

అప్పుడు లేసింది అసలు మాట. రాజలింగే అన్నడు:
"వాళ్ళకు అరబ్బీ వస్తది, ఇంగిలీసు వస్తది.
మన ముచ్చట ఎట్ల సమజైతది?
మనోడే ఒకడు కూసోని ఇంటుండాలె."

టైపింగు సెంటర్ల పని నాది.
మూడు భాషలొచ్చు.
నా దిక్కు ఎవ్వలు చూడలే.
ఆ చూడకపోవుడే చూసినట్టుండె.

ఇప్పుడు చెప్తున్న.
ఐదేండ్ల కింద ఫోనొచ్చింది, తర్జుమా పనని.
చల్లటి రూము. కిటికీ లేదు.
చెవులకు మెత్తటి డిప్పలు.
గంటకు ఆరు దీనార్లు.
పరీక్ష పెడుతున్నరేమో అనుకున్న.
అనుకున్ననా?
అట్లనుకోవాలని అనుకున్న.

ఒక మొగమనిషి గొంతు.
మేక ధర, ఎండిన బోరు, చిట్టీ పైసలు.
అన్ని రాసిన, తారీఖుతోని.
ఆఖరుకు దగ్గి, అవతలి మనిషిని అడిగిండు:
పానం మంచిగున్నదా?
పెన్ను ఆగింది.
ఇంగిలీసుల ఆరోగ్యం అని రాసిన.
కాదని నాకు తెలుసు.
పానం గుంజుతది, కొట్టుకుంటది,
పసిపిల్లను జూస్తే లేసొస్తది,
ఒకరి మీద పెట్టుకుని బతుకుతం.
ఆరోగ్యాన్ని ఎవలన్న ఎవల మీదన్న పెట్టుకుంటరా?
ఆ కాగితం మొత్తంల అదొక్కటే తప్పు.
సంతకం చేసి పద్దెనిమిది దీనార్లు తీసుకున్న.
ఒక జత బూట్లు కొన్న.
ఇంకా ఏసుకుంటున్న.

డబ్బా మళ్ళ మోగింది.
రాజలింగు లేసి మూత తీసిండు,
ఫోనుకంటిన బియ్యం దులిపి
పైకి జూస్తూ గట్టిగ అన్నడు:
"ఇనెటోడా, రాసుకో."
తర్వాత దగ్గి, మెల్లగ, ఇంటిదాన్ని అడిగిండు
ఆ మాటే.

అదే గొంతా?
మా దిక్కు అందరు గట్లనే అడుగుతరు.
అందరు దగ్గుతరు.

ఫోను పెట్టేసి నా దిక్కు తిరిగిండు.
రూముల మొదటిసారి ఒకలు నన్ను సక్కగ జూసిండ్రు.
"ఏందే, మొఖం గట్ల పెట్టినవ్?
పానం బాగలేదా?"

"ఆరోగ్యం బాగానే ఉన్నది" అన్న.

మా రూముల ఎవ్వలు
అట్ల మాట్లాడరు.