మళ్లీ ప్రయత్నిస్తాను

చిలోయే దీవిలో జులై నెలంటే
వాన తెరిపివ్వడమే ఒక వార్త.
కాస్త్రో రేవు పైన, విత్తన దుంపల సంఘం ఆఫీసులో
కట్టెల పొయ్యి పక్కన
ఒక ముసలి కంప్యూటరు ఆయాసపడుతోంది.

సి డ్రైవు గీత ఈ చివరి నుంచి ఆ చివరికి ఎరుపు.
మిగిలింది రెండు వందల పన్నెండు ఎంబీలు.
"ఉత్తరం రాస్తే దాచిపెట్టనంటోందయ్యా" అంది
ఎర్మెలిందా బార్రియా,
వైద్యుడికి కుర్చీ జరిపినట్టు
వేడి దుంప రొట్టెల పళ్లెం నా వైపు జరుపుతూ.

ముందు చెత్తబుట్ట చూశాను.
ఖాళీ.
"దాన్ని రోజూ ఊడుస్తాను" అంది.
గుమ్మం ముందు తళతళ,
అటక మీద సంగతి ఎవరికెరుక!

డౌన్‌లోడ్ల గదిలో జూన్ జాబితా.
జూన్ జాబితా ఒకటి, జూన్ జాబితా రెండు,
అలా పదిహేడు దాకా.
కత్తెర కనపడనప్పుడల్లా
కొత్త కత్తెర కొనుక్కున్న ఇల్లు.
టెంపరరీ ఫైళ్లు:
రెండ్రోజులుంటామని వచ్చి
తొమ్మిదేళ్లుగా వసారాలో పడుకున్న చుట్టాలు.
ఇంకో మూల, మూడు జీబీల నిద్ర.
యంత్రం కునుకు తీస్తే కలలు దాచుకునే చోటట.
"దీన్ని ఎప్పుడైనా నిద్రపుచ్చారా?"
"అయ్యో, తూకం యంత్రం దీనికే కదా కట్టి ఉంది. ఎలా ఆపుతాం?"
నిద్ర తీసేశాను.

ఆరు జీబీలు తేలాయి. గీత నీలమయింది.
చేతులు కడుక్కుని, రొట్టెలు తిని,
ఆవిడ మేనల్లుడి పడవ ఇంజను కథంతా విని
గంట తర్వాత వచ్చి చూస్తే
ఒక ఎంబీ తక్కువ.
ఒక్కటే.
కానీ ఎవ్వరూ మీట ముట్టుకోలేదు.

కొండని తవ్వి ఎలుకని పట్టడం విన్నాను.
నేను ఎలుక కోసం తవ్వాను, కొండ తగిలింది.
ఒకే ఒక్క ఫైలు, అరవై ఒక్క జీబీలు.
తెరవబోతే నోట్‌ప్యాడు సొమ్మసిల్లింది.
తోక మాత్రం కోసి చదివాను:

తూకం ప్రింటరు స్పందించడం లేదు. మళ్లీ ప్రయత్నిస్తాను.
నాలుగు సెకన్లు.
తూకం ప్రింటరు స్పందించడం లేదు. మళ్లీ ప్రయత్నిస్తాను.
ప్రతిసారీ తారీఖు, వేళ, ఏ తలుపు తట్టిందీ,
ఎంతసేపు నిలబడిందీ, పూసగుచ్చినట్టు.
ఆరేళ్లు.
వేళ్ల మీద లెక్క వేశాను, ఆపైన కాగితం మీద:
నాలుగు కోట్ల డెబ్బై లక్షల సార్లు.

"ఆ ప్రింటరు ఎక్కడ?"
ఆవిడ కాసేపు ఆలోచించి నవ్వింది.
"మా పెరట్లో.
మూత ఊడదీశాం. లోపల గడ్డి పరిచాను.
నల్లకోడి అందులోనే పెడుతుంది."
పళ్లెం పక్కనున్న గిన్నె చూపించింది.
నీలి పెంకుల గుడ్లు ఐదు.

తుడిచేయడం ఎంతసేపు?
పరికరాల పట్టీలో దాని పేరు మీద నొక్కాను.
ఈ పరికరాన్ని తొలగించాలా, అని అడిగింది.
అన్నీ అలాగే అడుగుతాయి, ఈ డబ్బాలన్నీ.
అయినా నా వేలు
ఒక నాలుగు సెకన్లు ఆగింది.

"చెప్పి తీసెయ్" అంది ఎర్మెలిందా వెనక నుంచి.
"ఏం చెప్పను?"
"బాగానే ఉందని చెప్పు."

ఎవరూ చూడకుండా చెబుదామనుకున్నాను,
ఆవిడ చూస్తూనే ఉంది.
గొంతు సవరించుకుని, తెర వైపు వంగి, చెప్పాను.
అవును అని నొక్కాను.

ఫ్యాను నెమ్మదించింది.
అప్పుడు తెలిసింది
ఇంతసేపూ వాన చప్పుడనుకున్నదాంట్లో
సగం దానిదేనని.
మిగతా సగం రేకుల మీద కురుస్తూనే ఉంది.

అరవై ఏడు జీబీల ఖాళీ.
నాగలి దించని మడిలా అంత చోటు చూసి
ఇద్దరికీ ఏం తోచలేదు.
నేను తీగలు చుట్టుకుంటుంటే
ఆవిడ కళ్లజోడు పెట్టుకుని కూర్చుంది.
టక్, టక్.

జూన్ జాబితా పద్దెనిమిది.