పళ్ళు దింపేదాకా

ఫెలిసితాస్ బిస్కెట్ల డబ్బా తెచ్చింది.
మూత మీద మంచులో గుర్రపుబండి, సగం చెరిగిపోయింది.
లోపల జీతం చీటీలు,
ఇరవై తొమ్మిదేళ్ళవి,
ఏ ఏడుకా ఏడు జడ రబ్బరుతో కట్టి.

యాకిమా లోయలో పియర్ పళ్ళ షెడ్డు మాది.
నేను మేడ మీద గదిలో, హీటరు పక్కన.
ఆమె కింద, శీతల గిడ్డంగి తలుపు దగ్గర.
అద్దంలోంచి ఆమె తలగుడ్డ కనిపించేది.
దెబ్బ తగిలిన పండు ఎటు, మచ్చ లేనిది ఎటు,
ఆ చేతులకు ఒకరు చెప్పక్కర్లేదు.

ప్రతి శుక్రవారం నేనే కోసేదాన్ని
వందకు ఆరు డాలర్ల ఇరవై సెంట్లు,
ముసలితనం పేరు మీద.
ఆమెకూ అంతే, నాకూ అంతే.
కోసేటప్పుడు మాత్రం
కాగితాలున్నాయా అని ఎవరూ అడగలేదు.

ఏటా వసంతంలో బాల్టిమోరు నుంచి ఉత్తరం వచ్చేది:
ఈ పేరూ ఈ నంబరూ కలవడం లేదు, సరిచూడగలరు.
తీసుకెళ్ళి యజమాని ముందు పెడితే
చూడకుండానే అనేవాడు,
"పళ్ళు దింపేదాకా ఆగు."
పళ్ళు దిగేవి.
మళ్ళీ పూత వచ్చేది.
ఉత్తరాలు నా బల్ల మూడో సొరుగులో.
తాళం చెవి నా దగ్గరే.
ఇది నేను ఎవరి మీదా తోయలేను.

మా తమ్ముడు వెండెల్ ఒప్పుకోడు.
"వరస తప్పి వచ్చినవాళ్ళకు వడ్డనేమిటి?
నలభై ఏళ్ళు కలప మిల్లులో,
రెండు వేళ్ళు రంపానికిచ్చి, వరసలోనే నిలబడ్డాను.
కుండ అడుగంటుతోందని టీవీలో రోజూ చెబుతున్నారు."
వాడు చెడ్డవాడు కాదు.
గ్యాసు బిల్లుకి భయపడి
స్వెటరు మీద స్వెటరు వేసుకునేవాడు.
"కుండలో ఆమె గింజలు కూడా ఉన్నాయిరా."
"పొయ్యమని ఎవరన్నారు?"
ఎవరన్నారు?
నేనే కదా, ప్రతి శుక్రవారం.
ఆ మాట గొంతు దాటలేదు.
పళ్ళేల్లో బంగాళదుంపలు చల్లారాయి.

నా మొదటి పింఛను బ్యాంకులో పడిన బుధవారమే
ఆమె డబ్బా పట్టుకుని మా గుమ్మంలో నిలబడింది.
షెడ్డువాళ్ళు ఇక రావద్దన్నారట.
వేళ్ళు పియరు తొడిమల్లా వంగిపోయాయి, తెరుచుకోవు.
డబ్బు సంగతి అడుగుతుందనుకున్నాను.
జవాబు లోపల రెండుసార్లు వల్లించుకున్నాను కూడా:
లేదు, రాదు, చట్టంలో దారి లేదు.

ఆమె అడిగింది వేరు.
"ఆ నంబరు ఎవరిది?
ఆవిడ బావుందా?
ఇల్లు వెచ్చగా ఉంటుందా?"

తొంభై ఐదులో ఫ్రెస్నోలో, ఒక లాండ్రీ వెనక,
ఎనభై డాలర్లకు కొన్న తొమ్మిది అంకెలు.
అవి ఎక్కడో ఒక స్త్రీవనీ
తన కోతలన్నీ వెళ్ళి ఆవిడ ఖాతాలో పడుతున్నాయనీ
ఇన్నేళ్ళూ ఈమె నమ్మకం.
చెర్రీల కాలంలో
పద్నాలుగు గంటలు నిలబడిన రాత్రి
"సెన్యోరా, ఈ వారం కాస్త ఎక్కువే పంపాను" అనుకుని
పడుకునేదట.

మూడో సొరుగులోని చివరి ఉత్తరం నేను చదివాను.
ఆ అంకెలు ఎవరికీ ఇవ్వలేదు.
ఏ ఊళ్ళోనూ, ఏ పసిబిడ్డకూ.

చెప్పాలా?

చీటీలు సర్దుతుంటే
ఒక రబ్బరు పుటుక్కున తెగింది.
రెండు వేల ఎనిమిది వంటగది నేలంతా పరుచుకుంది.
ఇద్దరం వంగాం.
ఆమె వేళ్ళకు కాగితం దొరకడం లేదు.
నేనే ఒక్కొక్కటీ ఏరాను,
జనవరి, ఫిబ్రవరి, మార్చి సగం.
నా వెనక హీటరు గురగురమంటోంది.

"బావుంది" అన్నాను, తల ఎత్తకుండా.
"ఇల్లు వెచ్చగానే ఉంది."