ప్రభుత్వం వారి వంతు

చిట్టినగర్‌లో మా వెనక పోర్షన్‌కి
టులెట్ బోర్డు కట్టి నలభై రోజులు.
మేకు తుప్పు కారి గోడమీద గీత పడింది.

అప్పుడొచ్చింది ఆమె.
కొండమీది ఇల్లు మొన్నటి వానకి
బండరాయి కిందకి పోయిందట.
పేరు నాగుల్‌బీ.
పాలకవర్లో నాలుగు మడతల
కార్పొరేషన్ వారి అద్దె చీటీ.
మూడొంతులు ప్రభుత్వం, ఒక వంతు మేమూ, అంది,
పాఠం అప్పజెప్పినట్టు.

అందర్నీ అడిగేవే అడిగాను.
ఎంతమంది? చుట్టాలొస్తారా? నీచు వండుతారా?
మోటారు ఎన్నిసార్లు వేస్తారు?
పక్కింటి సుబ్బాయమ్మ గోడమీంచి,
"సర్కారు డబ్బు ఎండాకాలం కుళాయే.
బిందె పెట్టుకుని తెల్లార్లూ కూర్చో."

అయినా ఊఁ అన్నాను.
జాలి అనుకునేరు.
ఖాళీ గదికీ ఇంటిపన్ను కట్టాలి.

తర్వాత ఒక కుర్రాడు, మెడలో కార్డు, చేతిలో టేపు.
ఆమెని చూడ్డానికి అనుకున్నాను.
నన్ను చూడ్డానికట.
స్విచ్చిబోర్డు పక్కన చెమ్మని గోటితో గీకాడు.
కిటికీ ఏదన్నాడు.
లేని కిటికీని కూడా రాసుకున్నాడు, సున్నా అని.
తల ఎత్తకుండానే,
"ఇందులో మీరైతే ఉంటారా అమ్మా?"
ఫారంలో ఉన్న ప్రశ్నో, సొంతదో.

ఇరవై రెండేళ్ళలో
ఒక టైలరూ, ఒక కాంపౌండరూ, ఒక కొత్త జంటా
ఉన్నారు, దగ్గారు, వెళ్ళారు.
ఎవరూ అడగలేదు.
అడిగేది నేను కదా.

మేస్త్రీ ఏడుకొండలు గోడకి కన్నం వేసిన పూట
ఎండ దొంగలా దూకింది లోపలికి.
ఆ గదికి మధ్యాహ్నం అనేది ఒకటుందని
మాకెవరికీ తెలీదు.

ఇది మూడో నెల.
నాగుల్‌బీ వంతు ఒకటో తారీఖునే వస్తుంది,
మార్కెట్ ఉల్లిపొట్టు వాసనతో,
అన్నీ పదులూ ఇరవైలూ.
ప్రభుత్వం వారి వంతు రాలేదు.
నా ఫోను టింగుమంటే ఇద్దరం చూస్తాం.
లోను కావాలా అంటాడు ఎవడో.

నిన్న కొత్త కిటికీలోంచే అడిగింది,
"ఖాళీ చెయ్యమంటారా?"

కిటికీ లేకపోతే
ఆ మాట నాదాకా వచ్చేది కాదు.
నా డబ్బు, నా ఇనప చువ్వలు.

"బియ్యానికి పురుగు పట్టిందే.
నీ గదిలో ఎండ పడే చోట
కాసేపు పోసుకోనా?" అన్నాను.

చాట పట్టుకుని తనే వచ్చింది.

టులెట్ బోర్డు మంచం కిందే ఉంది.
పారెయ్యలేదు.