ఇరవైమూడో భాగం

పంటు రేవు వదలకముందే మొదలవుతుంది.
"చచ్చిపోయింది" అంటాడు వీరభాస్కరం.
"కొత్త సిరీసులో బతికే ఉందంకుల్" అంటుంది నస్రీన్,
ఫోను ఆయన ముక్కుకి ఆనించి.
మధ్యలో రెండు మోటారు సైకిళ్ళు, పాల క్యాన్లు,
టిక్కెట్లు చింపే కొత్త కుర్రాడు:
"ఎవరండీ పోయింది? మనూరేనా?"

మనూరు కాదు.
ఇంజనీరు వైశాఖి, 'ఏడో కక్ష్య' సీరియల్లో,
ముప్ఫై ఏళ్ళ కిందట, ఓ ఆదివారం రాత్రి
నౌక బయటికి వెళ్ళి తలుపు తనే మూసుకుంది.
లేదా మూసుకోలేదు.

ఆ రాత్రి నర్సాపురంలో కరెంటు లేదు.
సముద్రం మీద వాయుగుండం.
టీవీ మెకానిక్ ఏసురత్నం ట్రాక్టరు బ్యాటరీ తెచ్చి
నలుపు తెలుపు పెట్టెకి తగిలించాడు.
కొట్టు అరుగు మీద నలభై మందిమి.
తెర నిండా చుక్కలు.
ఏవి నక్షత్రాలో, ఏవి మా యాంటెన్నా చలవో
చివరిదాకా తేలలేదు.
మాట సగం వచ్చింది, సగం గాలి తినేసింది.
పక్కవాణ్ణి చూసి అందరం ఏడ్చాం.

అదే మా ఇరవైమూడో భాగం.
మళ్ళీ వెయ్యలేదు. టేపు పోయిందన్నారు.
అవతలి గట్టున సఖినేటిపల్లిలో
ఇంకో బ్యాటరీ, వేరే చుక్కలు:
వాళ్ళకి కెప్టెనే ఆమెను తోసేశాడు.
ఏరు దాటి పిల్లనిచ్చుకున్నాం, పుచ్చుకున్నాం,
ఈ ఒక్క సంగతీ కలవలేదు.

ఇప్పుడా కంపెనీవాళ్ళు కొత్తగా తీసి
పాత ఇరవైమూడు లెక్కలోకి రాదు పొమ్మన్నారు.
వీరభాస్కరానికి అన్నం దిగలేదు.
"రాదంటే? చూసిన కళ్ళేమైపోవాలి?"
ఆయనకి లంకలో ఎకరం డెబ్బై సెంట్లు.
సర్వే నెంబరుంది, శిస్తు రశీదులున్నాయి,
భూమి మాత్రం వశిష్ఠలో ఉంది.
ఆ మట్టే అవతల మేట వేస్తే
ఎవరో దోసపాదులు పెట్టుకున్నారు.
నీళ్ళ మీదికి చెయ్యి చాపి చూపిస్తాడు,
ఇదిగో నా గట్టు, అని.
పంటు దాని మీంచే పోతుంది.

నస్రీన్ తక్కువ తినలేదు:
"మూడో భాగంలో ఆమెది ఎడమచేతి వాటం.
తొమ్మిదిలో కుడిచేత్తో రాసింది.
అప్పుడు రాని కోపం ఇప్పుడెందుకండీ?"
"అది పొరపాటమ్మా. ఇది అబద్ధం."
కళ్ళజోడు తుడుచుకుంటూ ఏసురత్నం,
"రెంటికీ తేడా ఒక్క సోల్డరు చుక్క."

తేలకపోతే నా వైపు తిరుగుతారు.
అమ్మ లేసు పద్దుల పుస్తకం వెనక పేజీల్లో
అన్ని భాగాలూ రాసిపెట్టింది నేనొక్కదాన్నే.
పన్నెండేళ్ళప్పటి దస్తూరి. సంచిలోంచి తీసి చదువుతాను:
"ఇరవైమూడు. తలుపు తనే మూసింది.
చివరి మాట: దీపం ఆర్పకండి, తిరిగొస్తాను."

ఆ మాట ఏసురత్నం కొట్టు షట్టరు మీదుంది.
సరంగు లోవరాజు, అదేదో వాక్యమనుకుని,
పంటు క్యాబిన్ మీద ఎర్రరంగుతో రాయించాడు.

వైశాఖి ఆ మాట అనలేదు.
ఆ రాత్రి ఇంటికెళ్ళాక
పేజీలో రెండు గీతలు ఖాళీగా మిగిలితే
నేనే రాశాను.
అమ్మ అప్పుడు భీమవరం ఆస్పత్రిలో ఉంది.

నిన్న ఏటి మధ్యలో చెప్పేశాను.
కాసేపు ఇంజను చప్పుడు తప్ప ఏం లేదు.
వీరభాస్కరం పుస్తకం అందుకుని
వేలితో ఆ రెండు గీతలూ తడిమి,
మూసి నా ఒళ్ళో పెట్టాడు.
"నువ్వలా అంటే చెల్లదమ్మా. పుస్తకంలో ఉంది."
ఏనాడూ ఆయన మాట ఒప్పుకోని నస్రీన్ కూడా,
"అవునాంటీ. మీరు చెప్పేది లెక్కలోకి రాదు."

రేవొచ్చింది. తాడు విసిరారు.
ఏసురత్నం గొంతు తగ్గించి నా పక్కకొచ్చాడు:
"అవతలి గట్టువాళ్ళ దగ్గర మాత్రం అనకు."
పాల క్యాన్లు ముందు దిగాయి.