నలభై ఒకటో పేజీ నుంచి

బరంపురంలో వాన.
మా డిపార్టుమెంటులో ఇప్పుడు బకెట్లు పెట్టం.
కప్పు బాగుచేయించింది ఆ ప్రాజెక్టు డబ్బే.
ఆ మాట ముందే చెప్పేస్తున్నాను,
మిగతాది విని నన్ను మంచివాడనుకోకుండా.

సముద్రం అడుగున చప్పుళ్ళు వినడం మా పని.
మొదటి పాఠం యంత్రం చెప్పలేదు,
గోపాలపూర్ రేవులో బడి కూర్మయ్య చెప్పాడు.
తెడ్డు నిలువుగా నీళ్ళలోకి దించి
పిడికి చెవి ఆనించి
"ఇనండి బాబూ, గొరకలు గురక పెడతన్నాయి" అన్నాడు.
నా విద్యార్థిని లోపాముద్ర సాహు
ఆ తెలుగు మాటని ఒడియా లిపిలో రాసుకుంది.

మూడేళ్ళు పడవ మీద వాంతులు చేసుకుంటూ
చివరికి ఆ అమ్మాయి పట్టుకుంది:
కొన్ని రోజుల్లో, కొంత లోతున, ఒక పొర దగ్గర
శబ్దం వంగిపోతుంది. కాసేపు ఏ చెవికీ అందదు.
"సెవుడు నీరండి అది" అన్నాడు కూర్మయ్య.
వాళ్ళ తాత పెట్టిన పేరట.

ఆ నీటి చాటున ఏమేం దాక్కోవచ్చో
మాకు తట్టలేదు.
ఢిల్లీలో ఎవరికో తట్టింది.

వచ్చినాయన మర్యాదస్తుడు. టీలో పంచదార వద్దన్నాడు.
కొడుకు ఓడలో ఉన్నాడనీ, ఏ ఓడో చెప్పకూడదనీ అన్నాడు.
అబద్ధమనుకోలేదు. ఇప్పటికీ అనుకోను.
సంతకం పెట్టాను.

థీసిస్‌లో నలభై పేజీలు లైబ్రరీకి,
నలభై ఒకటి నుంచి బీరువాకి.
బీరువాకి రెండు తాళాలు,
నా దగ్గర ఒకటే.

వైవా రోజు తలుపు మూశారు.
ఎవరి వైవా అయినా వెనక బెంచీలో కూర్చుని
ముక్క అర్థం కాకపోయినా చప్పట్లు కొట్టే
అటెండరు దండపాణి
సమోసాల పళ్ళెంతో వరండాలోనే ఉండిపోయాడు.
లోపల నలుగురం.
అడిగినవాళ్ళకి జవాబు ముందే తెలుసు.
తెలియనివాళ్ళని లోపలికి రానివ్వలేదు.

"ఇందులో తప్పుంటే ఎవరు దిద్దుతారు సర్?"
డిగ్రీ వచ్చిన సాయంత్రం అడిగింది లోపాముద్ర.
అభినందనలు, అన్నాను.

కృతజ్ఞతల పేజీలో ఒక వరస మీద నల్ల సిరా.
పేరు తెలిస్తే రేవు తెలుస్తుందట,
రేవు తెలిస్తే నీరు.
కాగితం తిప్పి వెలుగులో పట్టుకున్నాను.
వెనకవైపు వేలికి తగిలింది
కూ దీర్ఘం.

ఒక ఆదివారం రేవుకి వెళ్ళాను. వెళ్ళకుండా ఉండాల్సింది.
"ఏటి తేలిందండి, మన సెవుడు నీటి సంగతి?"
చెప్పకూడదు, అన్నాను.
"నాకా?"
వల మీంచి చెయ్యి తియ్యలేదు.
నవ్వాడనుకున్నాను, కాదు,
ఎండకి కళ్ళు చిట్లించాడంతే.
"మరి నాను సెప్పుకోవచ్చా బాబూ, మా గుంటడికి?"
పన్నెండు పేజీల ఒప్పందం.
ఆ ప్రశ్నకి ఏ క్లాజూ గుర్తు రాలేదు.

నిన్న రెండో విడత డబ్బుకి కాగితాలొచ్చాయి.
చివరి పేజీ అంచున పెన్సిలుతో రాశాను:
వేసే ప్రతి తాళానికీ
తీసే తారీకు కూడా వెయ్యండి.
తర్వాత అదే వాక్యాన్ని పెన్నుతో దిద్దాను,
పెన్సిలంటే చెరిపేస్తారని.
దాని కిందే సంతకం.
పంపానా? పంపాను.
ఒప్పుకోకపోతే ఏం చేస్తానో
నన్ను అడక్కండి, నాకూ తెలీదు.
ఇద్దరు పిల్లల ఫెలోషిప్పులు ఆ కాగితాల మీదే ఉన్నాయి.

వాన ఇంకా పడుతూనే ఉంది.
బకెట్లున్న రోజుల్లో
తల ఎత్తకుండానే తెలిసేది
బయట ఎంత కురుస్తోందో.