పొద్దూ పద్దూ

మిల్లు ఆగి పదమూడు నెలలు.
లెక్కలు మూసేదాకా ఇద్దరుండాలన్నారు
హెల్సింకీ వాళ్లు.
లెక్కలు మే నెలలోనే మూసేశాం.
ఆ సంగతి వాళ్లడగలేదు, మేమూ చెప్పలేదు.
జీతం మాత్రం పదిహేనో తారీఖున
తలుపు తట్టకుండా వచ్చి కూచుంటుంది.

పొద్దుపోవడం లేదందామంటే
బోత్నియా ఖాతం ఒడ్డున డిసెంబరులో
అసలు పొద్దు పొడిచినట్టే ఉండదు.
పది దాటాక వచ్చి, రెండు కాకముందే
సంచి సర్దుకుపోయే పార్ట్‌టైమ్ సూర్యుడు.
ఈగలు తోలుకుందామన్నా
ఈ చలికి ఈగలేవీ?

మొదట్లో ఖాళీ కాగితమొకటి చేత పట్టుకుని
వరండాలో గబగబా నడిచేదాన్ని.
చేతిలో కాగితముంటే మనిషి పనిలో ఉన్నట్టే.
ఎదురుపడేవాళ్లెవరూ లేరని
మూడో వారానికి గాని తట్టలేదు.
తర్వాత స్టేప్లర్ పిన్నులు లెక్కపెట్టాను.
పెట్టె మీద వెయ్యి.
లోపల తొమ్మిదివందల తొంభై రెండు.
కంపెనీకి ఉత్తరం రాస్తే
క్షమాపణతో ఇంకో పెట్టె పంపారు.
అదీ లెక్కపెట్టాను.

గోడకవతల తౌనో.
ఇరవై రెండేళ్లుగా పక్క గదే.
పొద్దున్నించీ అతని కీబోర్డు
రేకుల మీద వానలా మోగుతుంటుంది.
సిగ్గేసి నేనూ మోగించేదాన్ని.
బళ్లో బట్టీపట్టిన నదుల పేర్లు,
మేనత్తల పుట్టినరోజులు,
సాల్మన్ పులుసు చేసే విధానం, ఏడుసార్లు.

ఓరోజు స్టాంపుల కోసం అతని గదిలోకెళ్లాను.
మనిషి లేడు. తెర వెలుగుతోంది.
“తొమ్మిదీ పది: హిల్కా మొదలెట్టింది.
తొమ్మిదీ యాభై అయిదు: ఆగింది. నేనూ ఆగాను.
పదీ అయిదు: మళ్లీ.”
మార్చి నుంచీ ఉంది పద్దు.
ఒక్క రోజు తప్పిపోలేదు.
నాకు జలుబు చేసి రాని రెండు రోజులూ
గడి కట్టి ఖాళీగా ఉంచాడు.
ఏమీ అనలేదు. మా వైపు అనరు.
ఆ మధ్యాహ్నం అతని కప్పులో
కాఫీ అంచుదాకా పోశాను, అంతే.

జనవరిలో ఉత్తరమొకటొచ్చింది.
పెన్సిల్‌తో, పెద్ద పెద్ద అక్షరాలు.
“మూడో మెషిను మీద పనిచేసిన ఓయివాని.
అక్కడ నేను మొత్తం ఎన్ని గంటలు పనిచేశానో
చెప్పగలరా? పింఛను కోసం కాదు. ఊరికే.”

ఇద్దరం ఒకేసారి చెయ్యి చాపాం.
కంప్యూటర్లో వేస్తే పూటలో తేలిపోతుంది.
అందుకని వెయ్యలేదు.
నేలమాళిగలో చేతితొడుగులు వేసుకుని
ముప్పై నాలుగేళ్ల హాజరు పుస్తకాలు దింపాం.
అతను చదివాడు, నేను కూడాను.
డెబ్భై తొమ్మిది నవంబరులో ఓ రాత్రి
సిరా అలుక్కుపోయి
ఎనిమిదో మూడో తేలలేదు.
దానిమీద ఒక పూటంతా వాదించుకున్నాం.
అంతకుముందెప్పుడూ
మేమిద్దరం అంతసేపు మాట్లాడుకోలేదు.
ఎనిమిదేనని ఒప్పుకున్నాడు చివరికి,
“ముసలాయనకి పోతే పోయింది” అంటూ.

తొమ్మిది రోజులు పట్టింది.
యాభైతొమ్మిది వేల మూడువందల పద్దెనిమిది.
ఫోన్ చేసి చెప్పాను.
అవతల రేడియో కట్టేసిన చప్పుడు.
“అందులో సగం ఊరికే కూచున్నానమ్మా.
మెషిను బాగా నడుస్తుంటే
చేసేదేముంది? చెవొగ్గి కూచోవడమే.
చప్పుడు మారితే లేవాలి.
ఆ సగమూ కలిపారా?”
“కలిపాం.”
“తీసెయ్యకండి మరి,” అని పెట్టేశాడు.

మర్నాడు తౌనో గదిలో వాన లేదు.
నేనూ నదుల జోలికి పోలేదు.
తొమ్మిదీ పది. తొమ్మిదీ యాభై అయిదు.
గోడకవతల కుర్చీ కిర్రుమంది.
లేచాడో, ఊరికే పక్కకి వాలాడో.
విన్నాను.

ఫిబ్రవరి వచ్చింది.
సూర్యుడు నాలుగున్నరదాకా ఉంటున్నాడు.
కిటికీ గట్టు మీద
పిన్నుల పెట్టెలు రెండూ మెరుస్తున్నాయి.