ధ కింది గీత

చండూరు చౌరస్తాల
మా చిన్నాయిన ముత్తిలింగం బోర్డులు రాసేటోడు.
అక్షరానికి రూపాయి పావలా.
ఒత్తులు పుణ్యానికే.

బేరం కాడ మొదలు రాలిపోయేది, మహాత్మా.
"అంత పొడుగెందుకే, గాంధీ అంటే తెల్వదా జనానికి?"
అనేటోడు కిరాణం శ్రీశైలం.
గాంధీ బొమ్మ సెంటరు, గాంధీ సైకిల్ షాపు,
గాంధీ పార్కు. అండ్ల చెట్లు లేవు, లారీలుంటయి.
జాతిపిత మాత్రం ఏడాదికొక్కసారి వచ్చేటోడు
అక్టోబర్ల, బడి గోడ మీదికి,
సున్నం ఆరకముందే.

బాపు అని రాయమన్నడు ఒక కొత్త సారు.
"కరీంనగర్ దిక్కు బాపంటే కన్నతండ్రి సారూ,
మా దిక్కు నాయిన అంటం.
ఏది రాయాలె?"
సారు నవ్విండు. చిన్నాయిన నవ్వలే.

ఎన్ని కోసినా
ధ కింద గీతను మాత్రం ఇడిసేటోడు కాదు.
నోటితోని ఎవ్వరం పలకం దాన్ని.
గాంది అనే అంటం,
మనిషినీ, ఐదొందల నోటునూ.
పలకనిదానికి రంగు దండుగ గదా అంటే
"గీత గాదు బిడ్డా, అది ముసలాయన కట్టె.
గుంజుకుంటే పడిపోడా?"

బోరు నీళ్లు తాగి తాగి
వేళ్లు వంకరవోయినయి.
కుంచెను దారంతోని మణికట్టుకు కట్టుకొని రాసేటోడు.
అంతట్ల ఫ్లెక్సీలొచ్చినయి.
వాటి మీద బిరుదులకు కొదువ లేదు,
వార్డు మెంబరుకు గుడ మూడు.
మూలకు తపాలా బిళ్లంత ముసలాయన,
పేరు లేకుండ.

మొన్న ఆషాఢంల ఒక రాత్రి
నల్లగొండ పెద్ద దవాఖానల చేతులెత్తేసిండ్రు.
వరండాల ఎవరో అడిగితే ఇంకెవరో చెప్పిండ్రు:
"ముత్తిలింగాన్ని గాందికి రాసిండ్రట."
అడిగినామె కొంగు నోటికడ్డం వెట్టుకున్నది.
మా దిక్కు ఆ మాటకు ఒక్కటే అర్థం.
చిన్నమ్మ చెద్దరు, గిలాస మూటగట్టింది.

డ్రైవరుకు చూపియ్యనీకె
చీటీ వెనక కాంపౌండరు తెలుగుల రాసిచ్చిండు:
గాందీ.

స్ట్రెచర్ మీదికెళ్లి చిన్నాయిన చెయ్యి చాపిండు.
నీళ్లనుకొని సీసా వెట్టిన.
తల అడ్డంగ ఊపి
నా జేబుల పెన్ను చూపిండు.

రెండు వంకర వేళ్ల నడుమ దాన్ని ఇరికించుకొని
ద కింద
గీత గీసిండు.
వణికి, కొంచెం పక్కకు ఒరిగింది.

చీటీ డ్రైవరు చేతుల వెట్టిన.
చూడకుండనే జేబుల కుక్కుకొని
"గాందికేనా?" అన్నడు.